సాయంత్రం వరకు ఆగిన ఈస్టర్ భోజనం

సహోదరులారా, సహోదరీలారా, ఈ మందిరం మెట్ల దగ్గర బయలుదేరితే సందు చివర ఉన్న కల్లు దుకాణం ఐదు నిమిషాల నడక. ఆ దుకాణం నుంచి ఈ మెట్ల దాకా తిరిగి రావడానికి నాకు మూడేళ్లు పట్టింది! ఆ మూడేళ్లూ ఆదివారం వస్తే మీరు పాడే పాటలు అక్కడికి వినిపిస్తూనే ఉండేవి, నేను తల తిప్పుకొని గోడవైపు కూర్చునేవాణ్ణి. అలాంటివాణ్ణి దేవుడు ఎలా పట్టుకొచ్చాడో చెప్పమని పాస్టర్ గారు అడిగారు. నాకు ప్రసంగాలు రావు. బాయిలర్ దగ్గర పనిచేసేవాణ్ణి, ఆవిరి మోతలో అరిచి మాట్లాడటం అలవాటు, గొంతు పెద్దదైతే క్షమించండి.

నా పేరు యేసురత్నం. మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. నా భార్య సువార్త అక్కడే అంగన్‌వాడీ టీచరు. మాకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది గ్రేస్, చిన్నది కీర్తన. అక్కడ నేను పనిచేసిన మిల్లు మూతపడితే, తెలిసినవాళ్లు నిజామాబాద్ దగ్గర ఈ బోధన్‌లో ఉప్పుడు బియ్యం మిల్లుకు బాయిలర్ ఆపరేటరు కావాలంటున్నారని చెప్పారు, నేను ఒక పెట్టె, ఒక దుప్పటి పట్టుకొని వచ్చేశాను. సువార్త ఉద్యోగం అక్కడ, పిల్లల బడి అక్కడ, అందుకని నేనొక్కణ్ణే వచ్చాను. లస్మవ్వ అనే ఒక పెద్దావిడ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ బీడీలు చుడుతుంది. భర్త లేడు, ఇద్దరు కొడుకులూ బొంబాయి దగ్గర భివండిలో మగ్గాల పనికి పోయి అక్కడే ఉండిపోయారు. మా ఇద్దరికీ సొంత మనుషులు ఉన్నారు, కానీ ఒక్కరూ దగ్గర లేరు!

మధ్యాహ్నం రెండుకు నా డ్యూటీ అయిపోయేది. అక్కడి నుంచి పొద్దుగూకేదాకా ఏం చేయాలో తోచేది కాదు. ఆ గంటలు ఎంత పొడుగ్గా ఉంటాయో కుటుంబాన్ని వదిలి వచ్చినవాళ్లకే తెలుస్తుంది. గదిలో కూర్చుంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళ అయింది అని గుర్తొస్తుంది, ఇప్పుడు సువార్త టీ పెడుతుంటుంది అని గుర్తొస్తుంది. ఒకరోజు మిల్లువాళ్లతో కలిసి కల్లు దుకాణానికి వెళ్లాను. మా వైపు తాటికల్లు నాకు తెలుసు, పొద్దున దించింది పొద్దునే తాగుతారు, దానికీ దీనికీ తేడా ఏముంటుందిలే అనుకున్నాను. తేడా ఉంది సహోదరులారా! ఆ దుకాణంలో సీసాల్లో పోసి అమ్మేదానిలో తెల్లటి మత్తుమందు ఏదో కలుపుతారని ఊరందరికీ తెలుసు, ఒక్క నాకే తెలియదు. రెండు సీసాలు తాగితే ఇల్లు గుర్తురాదు, బెంగ ఉండదు, మొద్దు నిద్ర పడుతుంది. నాకు కావలసింది అదే అనుకున్నాను. ఆరునెలలు తిరిగేసరికి సాయంత్రం తాగేది మధ్యాహ్నానికి, మధ్యాహ్నం తాగేది పొద్దున్నే డ్యూటీకి ముందుకు వచ్చింది. ఒక్కరోజు తాగకపోతే చేతులు వణికేవి, ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండేది. మొదట్లో నాలుగు ఆదివారాలు ఈ గుడికి వచ్చినవాణ్ణి, తర్వాత మానేశాను. పాస్టర్ గారు ఎదురైతే సందు మార్చేవాణ్ణి.

మూడో ఏడు క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లాను. అక్కడ ఆ కల్లు దొరకదు. మొదటి రోజు ఎలాగో గడిచింది. రెండో రోజు పండుగ ఆరాధన. గ్రేస్, కీర్తన ఇద్దరూ కొత్త గౌన్లు వేసుకొని ముందు వరుసలో నిలబడి పాడుతున్నారు. నాకు గోడమీద పురుగులు కనిపించడం మొదలైంది. లేని పురుగులు! అవి నా పిల్లల మీదికి పాకుతున్నాయని కేకలు పెడుతూ ముందుకు పరుగెత్తాను, కేకు పెట్టిన బల్ల పడిపోయింది, కొవ్వొత్తులు పడిపోయాయి, నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదట. నాకు సగమే గుర్తు. కానీ ఒకటి మాత్రం బాగా గుర్తుంది, కీర్తన బెంచీ కిందికి దూరి రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల. నేను దగ్గరికి వెళ్తే ఇంకా లోపలికి జరిగింది.

మూడో రోజు సువార్త నన్ను బస్సు దాకా దిగబెట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఏమండీ, మీరు బాగయ్యాక రండి. పండక్కే రానక్కర్లేదు, మామూలు రోజైనా మాకు పండగే. కానీ బాగయ్యాకే రండి" అంది. బస్సు కదిలేదాకా నిలబడే ఉంది.

బోధన్ వచ్చాక మానేద్దామని సొంతంగా ప్రయత్నించాను. రెండు రోజులు ఆపడం, మూడో రోజు రెట్టింపు తాగడం. దేవుణ్ణి అడుగుదామంటే ముఖం లేదు. "ప్రభువా" అని మొదలుపెడితే ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయేది, తర్వాత ఏమనాలో తెలిసేది కాదు. అలా ఈస్టర్ ముందటి నలభై శ్రమదినాలు వచ్చాయి. ఒకరోజు డ్యూటీలో ఉండగానే కునుకు పట్టింది. బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపించే గాజుగొట్టం ఒకటి ఉంటుంది, దాని మీద నుంచి ఆపరేటరు కన్ను తీయకూడదు. నీళ్లు అడుగంటిపోతుంటే, కింద ఊక మండుతూనే ఉంటే, నేను కుర్చీలో నిద్రపోతున్నాను! ఊక ఎత్తే హన్మాండ్లు చూసి, పరుగున వచ్చి నన్ను కుదిపాడు. పొయ్యిలో మంట తగ్గించి అంతా చల్లారబెట్టేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది. ఇంకాసేపైతే ఆ షెడ్డులో ఉన్న పదకొండు మందిమీ ఉండేవాళ్లం కాదు. సేటు నన్ను పనిలోంచి తీసేయలేదు, బాగయ్యేదాకా బాయిలర్ ముట్టుకోవద్దు, బస్తాల పని చూసుకో అన్నాడు. న్యాయమే కదా!

మిల్లు గేటుకు ఎదురుగా ఖలీల్ భాయ్ మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. మిల్లు మోటార్ల రాగితీగ చుట్టేది ఆయనే, ఆ పరిచయం. ఆ రోజు నేను బయటికి వచ్చి ఆయన బల్ల మీద కూలబడ్డాను. ఎవరికీ చెప్పనిదంతా చెప్పేశాను. కల్లు, క్రిస్మస్, బెంచీ కింద కీర్తన, బాయిలర్, అన్నీ. ఆయన చేతిలో తీగ పక్కనపెట్టి చివరిదాకా విన్నాడు.

"అరే రత్నం భాయ్, ఇన్ని దినాలు కడుపుల పెట్టుకున్నవా? నాకు చెప్పినవ్ గద, ఇగ ఫికర్ చెయ్యకు. రేపు పొద్దుగాల బండి తెస్త, నిజామాబాద్ దవాఖానకు పోదం."

అప్పుడు వాళ్ల రంజాన్ నెల. రోజా ఉండి, గొంతులో నీటి చుక్క లేకుండా, ఎండలో నన్ను వెనక కూర్చోబెట్టుకొని నిజామాబాద్ తీసుకెళ్లాడు. డాక్టరు పరీక్షించి, ఇది ఒక్కసారిగా సొంతంగా ఆపేది కాదు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు, ఇక్కడ ఉంచుకొని మందులతో కొద్దికొద్దిగా దించాలి అన్నారు. పదిరోజులు ఉన్నాను. ఈ మాట ఎందుకు విడమరిచి చెబుతున్నానంటే, మన ఇళ్లలో ఇలాంటివాళ్లు ఉంటే ప్రార్థన చేయండి, చేస్తూనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ డాక్టరును కూడా నా దేవుడే అక్కడ పెట్టాడు!

దవాఖానలో నాతో ఎవరుండాలి? సువార్తకు చెప్పొద్దని నేనే బతిమాలాను. రెండో రోజు పొద్దున కళ్లు తెరిస్తే మంచం పక్కన నేలమీద లస్మవ్వ కూర్చొని ఉంది. బీడీల చాట ఇంట్లో పెట్టేసి, పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి, బస్సెక్కి వచ్చేసింది. వట్టి చేతులతో కూర్చోవడం ఆవిడకు రాదు. నా దుప్పటి అంచును వేళ్లతో చుడుతూ విప్పుతూ కూర్చునేది, ఆకు, తంబాకు ఏమీ లేకుండానే! నేను కేకలు వేసిన రోజులు ఉన్నాయి, ఆవిడ చెయ్యి గీరి రక్తం తెప్పించిన రోజు ఉంది. కదల్లేదు. ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకొని ఆవిడ చేసిన ప్రార్థన నా చెవులతో విన్నాను. నేను బతికినంతకాలం అది మరిచిపోను.

"యేసయ్యా, నాకు నీ పాటలు రావు, నీ పద్యాలు రావు. గీ పిలగాడు నీ మనిషి. నీ మనిషిని నువ్వు సూసుకోవా? నా కొడుకులు భివండిల ఉన్నరు, ఈడు నా ఇంట్ల ఉన్నడు. ఇగో, జర సూడు. నేను మల్ల మల్ల అడగ."

నలభై ఏళ్ల క్రైస్తవుణ్ణి నేను, "ప్రభువా" దగ్గరే ఆగిపోయాను. ఆ తర్వాతి మాటలు దేవుడు ఆ తల్లి నోట పెట్టాడు. కళ్లు మూసుకొని ఆమేన్ అన్నాను, పైకి వినపడకుండా.

మట్టలాదివారం దాటిన మంగళవారం నన్ను ఇంటికి పంపారు. మందులు ఇచ్చి, ఎలా వాడాలో చెప్పి, డాక్టరు ఒక మాట అన్నారు, ఒంటరిగా ఉండే గంటలే మీకు ప్రమాదం అని. ఆ సాయంత్రం సువార్తకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. గ్రేస్ పదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి, కీర్తనకు ఇంకా బడి ఉంది. "వద్దామనే ఉందండీ. కానీ కీర్తన మీ పేరెత్తితే లేచి అవతలికి వెళ్లిపోతోంది. దాన్ని బలవంతంగా తీసుకురాలేను. ఆదివారం ఈస్టర్. ఆ రోజు ఒక్కరే మాత్రం ఉండకండి" అంది.

సహోదరులారా, మామూలు రోజు నాకు అంత భయం లేదు, సగం పూటైనా పని ఉంటుంది. పండుగ రోజే భయం! మిల్లుకు సెలవు, ఇల్లు దూరం, కల్లు దుకాణానికి సెలవు లేదు. ఆ మాటే మర్నాడు వాకిట్లో కూర్చొని లస్మవ్వతో, ఖలీల్ భాయ్‌తో అన్నాను.

"గంతేనా?" అన్నాడు ఖలీల్ భాయ్. "అట్లయితే నీ పండుగ మనమే చేద్దం. ఏం ఏం గావాల్నో చెప్పు."

"క్రిస్మస్‌కు ఇంటి మీద సుక్క కడతరు, నాకు ఎర్కనే," అంది లస్మవ్వ. "ఈ పండుగకు ఏం కడతరు?"

"ఏమీ కట్టరు అవ్వా. తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్తారు. కొవ్వొత్తులు వెలిగించి, పూలు పెట్టి, పాటలు పాడతారు."

ఆవిడ బీడీ చుట్టడం ఆపేసింది. "పండుగనాడు బొందలగడ్డకా! గదేం పండుగ కొడుకా!"

ఖలీల్ భాయ్ పగలబడి నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది, ఎన్నాళ్లకు నవ్వానో! అప్పుడు చెప్పాను, ప్రభువును సమాధి చేసిన మూడో రోజు తెల్లవారుజామున ఆడవాళ్లు కొందరు సుగంధద్రవ్యాలు పట్టుకొని వెళ్తే సమాధి ఖాళీగా ఉందని, ఆయన లేచాడని, అందుకే మేము అక్కడికే వెళ్లి పాడతామని. "ఆడోళ్లు పోయిండ్రా మొదలు? అట్లయితే నేను గూడ వస్త" అంది లస్మవ్వ.

అన్నట్టే వచ్చింది. ఆదివారం తెల్లవారుజామున దాచుకున్న పండుగ చీర కట్టుకొని, కొంగులో బంతిపూలు పోసుకొని, నాతోపాటు మన సమాధుల తోటకు నడిచింది. మీలో చాలామంది అక్కడ ఉన్నారు, చూశారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. మూడేళ్లు సందులు మార్చి తిరిగినవాణ్ణి. పాస్టర్ గారు నన్ను చూశారు. ఎన్నాళ్లకు వచ్చావు అనలేదు, ఏమైపోయావు అనలేదు. "రత్నం, నీకు కొవ్వొత్తి లేదా? ఇది తీసుకో" అని ఆయన చేతిలో వెలుగుతున్నది నా చేతిలో పెట్టి, తనకోసం ఇంకొకటి వెతుక్కుంటూ వెళ్లిపోయారు. లస్మవ్వ నా చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించింది. ఈ ఊళ్లో నాకు అయినవాళ్ల సమాధి ఒక్కటీ లేదు కదా, పూలు ఎవరి మీద పెట్టాలని అడిగింది. తనే చుట్టూ చూసి, పేరు చెరిగిపోయి, ఎవరూ దీపం పెట్టని ఒక పాత సమాధిని వెతికి, కొంగులోని పూలన్నీ దాని మీద పోసింది. "పాపం, ఈయన ఇంటోళ్లు గూడ దూరమున్నట్టున్నరు" అంది. నేను అక్కడ మోకాళ్ల మీద పడి ఏడ్చాను. మీరు పాడుతున్నారు, తూర్పున తెల్లగా అవుతోంది, నేను ఏడుస్తూనే పాడాను.

ఇంటికి వచ్చేసరికి ఖలీల్ భాయ్ వేటమాంసం తీసుకొని వాకిట్లో కూర్చొని ఉన్నాడు. మా ఇంట్లో ఈస్టర్ అంటే సువార్త చేసే గోంగూర మాంసం. నాకు తినడం వచ్చు గానీ వండటం రాదు. సువార్తకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, ఫోను రోలు మీద నిలబెట్టాను. అక్కడి నుంచి ఆమె చెప్పడం, ఇక్కడ లస్మవ్వ చేయడం.

"పెద్దమ్మా, ముందు గోంగూర వేరుగా మగ్గనివ్వాలి."

"గోంగూరంటే? ఓ, పుంటికూరనా! గట్ల చెప్పు బిడ్డా. నాకు పుంటికూర వండరాదా?"

"మీకు రాదని కాదు పెద్దమ్మా. మా ఆయనకు కారం కాస్త ఎక్కువ ఉండాలి."

"గాయనకు ఇప్పుడు కడుపు కాలింది, కారం తక్కువేస్త. నువ్వు గాడుండి గుంటూరు మిరపకాయ జల్లకు."

సువార్త నవ్వడం వినిపించింది. ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూడని ఆ ఇద్దరు ఆడవాళ్లు నా కడుపు గురించి గంటసేపు పోట్లాడుకున్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. కన్నీళ్లు వస్తే ఉల్లిపాయల వల్లే అనుకున్నారు. ఖలీల్ భాయ్ పొయ్యి ఊదుతూ, పొగలో దగ్గుతూ, మాంసం ఉడికిందో లేదో గరిటెతో నొక్కి చూస్తున్నాడు. మరిచిపోయి, ఉప్పు చూడమని నేను గరిటె ఆయన ముందుకు చాపాను. ఆయన చిరునవ్వు నవ్వి లస్మవ్వ వైపు తోశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ మనిషి రోజా ఉన్నాడు.

ఒంటిగంటకు వంట అయిపోయింది. వాకిలంతా వాసన. లస్మవ్వ రెండు పళ్లేలు తెచ్చి కింద పెట్టింది.

"మీరు తినుండ్రి," అన్నాడు ఖలీల్ భాయ్. "నాకు జర తీసిపెట్టుండ్రి, ఇఫ్తార్ అయినంక తింట. ఇంట్ల గూడ చెప్పొచ్చిన, ఇయ్యాల రత్నం తానే అని."

లస్మవ్వ పళ్లేలు చూసింది, ఆయన్ను చూసింది. రెండు పళ్లేలూ తీసి మళ్లీ బోర్లించింది. "ముగ్గురం వండినం, ముగ్గురం తింటం. పొద్దుగూకినంకనే తిందం. ఏమంటవ్ కొడుకా?"

నేనేమంటాను! సరేనన్నాను. పాలు తాగి, బన్ను తిని మందులు వేసుకున్నాను, అంతే. గిన్నె మీద మూత పెట్టి, ముగ్గురం చాప వేసుకొని వేపచెట్టు నీడలో కూర్చున్నాం.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంతవరకు నా అంతట నేను సువార్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మూడున్నర అయింది. ఆ వేళ నా ఒంటికి అలవాటైన వేళ. నోరు ఎండిపోయింది, వీపు మీద చెమట. ఒక్క సీసా, ఒక్కటే, పండుగ కదా, రేపటి నుంచి మళ్లీ ముట్టను అని ఒక గొంతు. లేచి, చెప్పులు వేసుకొని, పెరుగు తెస్తానన్నాను. ఎవరూ ఆపలేదు. సందు దాటాను. మన మందిరం దాటాను, తలుపులు వేసి ఉన్నాయి. దుకాణం కనిపించేంత దూరం వెళ్లాను. సీసాలు ఇచ్చే అతను నన్ను చూసి నోరారా నవ్వాడు. "రత్నమన్నా! ఏడ వోయినవే ఇన్ని దినాలు? రా, కూసో" అన్నాడు. అతనూ ప్రేమగానే పిలిచాడు సహోదరులారా! సాతాను కోరలు చూపించి పిలవడు, కుర్చీ జరిపి పిలుస్తాడు.

అక్కడ రోడ్డు మీద నిలబడ్డాను. అప్పుడు నా కళ్ల ముందుకు వచ్చింది ఒక్కటే, పగిలిన పెదాలతో ఖలీల్ భాయ్, రెండడుగుల దూరంలో మాంసం గిన్నె. ఆ మనిషికి ఆకలి లేదా? ఉంది. దాహం లేదా? ఉంది. గిన్నె ముందే కూర్చొని పొద్దుగూకేదాకా ఆగుతున్నాడు. ఆయన కోసం ఒక ముసలితల్లి కూడా ఆగుతోంది. నేను ఆగలేనా? జీవితాంతం తాగనని దేవునికి మాటిచ్చే ధైర్యం నాకు లేదు, అలాంటి మాటలు ఎన్ని ఇచ్చి తప్పానో ఆయనకు తెలుసు. ఆ ఎండలో, ఆ రోడ్డు మీద, మూడేళ్ల తర్వాత నా నోటి నుంచి మొదటిసారి పూర్తి ప్రార్థన వచ్చింది.

"ప్రభువా, సాయంత్రం వరకు. జన్మంతా అడగను, రేపటి సంగతి అడగను. ఈ రోజు పొద్దుగూకేదాకా నన్ను పట్టుకో. అంతవరకు చాలు."

మెరుపులు రాలేదు, స్వరం వినపడలేదు. కాళ్లు మాత్రం వెనక్కి తిరిగాయి. దేవునికే మహిమ! ఆ కాళ్లను తిప్పింది నేను కాదని నాకు తెలుసు, ఎందుకంటే నా కాళ్ల సంగతి నాకు బాగా తెలుసు!

వాకిట్లోకి వస్తే లస్మవ్వ అడిగింది, "పెరుగేది?" అని. మరిచిపోయానన్నాను. ఖలీల్ భాయ్ నా ముఖం వైపు చూశాడు. చాప మీద కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. తర్వాత ఎన్నో నెలలకు చెప్పాడు, నేను వెళ్లిన దారి చూసి ఆయనకు అర్థమైందట, వెంట వద్దామని లేచి మళ్లీ కూర్చున్నాడట. "నేను గుంజుకొస్తే ఒక్కరోజు వస్తవ్. గందుకే ఇక్కడ కూసోని దువా చేసిన" అన్నాడు.

పొద్దు వాలింది. మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఖలీల్ భాయ్ ఒక ఖర్జూరం తీసి, రెండుగా చీల్చి, సగం తను నోట్లో పెట్టుకొని సగం నాకిచ్చాడు. లస్మవ్వ మూత తీసింది. నేను భోజనానికి ముందు ప్రార్థన చేశాను, పెద్దగా, ఇద్దరికీ వినపడేలా. వాళ్లు తలలు వంచారు. ముగ్గురం ఒకే గిన్నె చుట్టూ కూర్చొని తిన్నాం. ఆ రోజు నాకు ఎమ్మాయు దారి గుర్తొచ్చింది. పునరుత్థానమైన రోజు సాయంత్రమే కదా, దిగులుగా నడుస్తున్న ఇద్దరితో ప్రభువు కలిసి నడిచింది! పొద్దుపోయింది, మాతో ఉండమని వాళ్లు బతిమాలితే ఆగాడు, రొట్టె విరిచాక గానీ ఆయనెవరో వాళ్లకు తెలియలేదు. ఈస్టర్ భోజనం సాయంత్రం తింటే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు అర్థమైంది.

తింటుండగా సువార్త ఫోన్ చేసింది, కూర ఎలా వచ్చిందని. మాట్లాడుతుంటే వెనక ఏదో గుసగుస. తర్వాత చిన్న గొంతు వినిపించింది. కీర్తన! కానీ నాతో కాదు.

"ఆ అమ్మమ్మగారికి ఇవ్వండి."

ఫోన్ లస్మవ్వ చేతికిచ్చాను. స్పీకరులోనే ఉంది.

"అమ్మమ్మగారూ, మా నాన్న బాగున్నాడా? నిజంగా?"

లస్మవ్వ ఎడమచేత్తో కొంగు సర్దుకుంది. "నీకు అబద్ధం జెప్ప బిడ్డా. నిన్నటి దనుక నాకు గూడ బుగులే ఉండె, ఏమైతడో అని. ఇయ్యాల సాయంత్రం లేదు. మంచిగ బువ్వ తింటుండు. చేతులు గూడ వణుకుత లేవు."

నేను ముద్ద చేతిలోనే పట్టుకొని ఉన్నాను. అప్పుడు కీర్తన అంది, "అయితే నాన్నకి ఇవ్వండి" అని. నేను ఫోను తీసుకొని "నాన్నా కీర్తనా" అన్నాను. "హ్యాపీ ఈస్టర్ నాన్నా" అంది నా బిడ్డ. ఖలీల్ భాయ్ అటు తిరిగి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ ఒక్కరోజుతో అంతా అయిపోయిందని చెబితే అది అబద్ధసాక్ష్యం అవుతుంది. మందులు ఏడెనిమిది నెలలు వాడాను. వానాకాలంలో ఒకసారి మళ్లీ ఆ దుకాణం గడప దాకా వెళ్లి వచ్చాను. కానీ ఆ రోడ్డు మీద నేర్చుకున్న ప్రార్థన వదల్లేదు. పొద్దున లేవగానే "సాయంత్రం వరకు ప్రభువా", పొద్దుగూకగానే "వందనాలు ప్రభువా, రేపు మళ్లీ అడుగుతా". అలా ఒక్కొక్క పగలు ఆయన దగ్గర అడిగి తీసుకుంటూ వచ్చాను. దసరా అయ్యాక సేటు బాయిలర్ నాకు మళ్లీ అప్పగించాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు ఇంటికి వెళ్తే కీర్తన బస్టాండుకు వచ్చింది, నా సంచి తనే మోస్తానని పట్టుబట్టింది.

కొందరు అడుగుతారు, నీతో ఉన్న ఆ ఇద్దరూ ప్రభువును అంగీకరించారా అని. లస్మవ్వ ఇంట్లో ఆమె దేవుళ్ల పటాలు అలాగే ఉన్నాయి, ఖలీల్ భాయ్ ఐదుపూటలా నమాజు చేస్తాడు. నాకు తెలిసింది ఒక్కటే, నా యేసయ్య నన్ను వెతుక్కుంటూ వచ్చినప్పుడు వాళ్ల చేతులతో వచ్చాడు. వాళ్లకోసం నేను రోజూ మోకరిస్తాను, వాళ్లూ నాకోసం అడుగుతున్నారని నాకు తెలుసు. ప్రేమించడంలో వాళ్లు నాకంటే ముందున్నారు, ఆ మాట ఈ మందిరంలో నిలబడి ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

సహోదరులారా, ఇప్పుడు ఈస్టర్ మళ్లీ దగ్గరకొచ్చింది. నా కుటుంబం ఇప్పటికీ దూరంగానే ఉంది. క్రిస్మస్ వాళ్లతో చేసుకుంటాను, ఈస్టర్ మాత్రం ఇక్కడే ఉంటానంటే సువార్త సరేనంది. మీలో ఇటుకబట్టీల పనికి వచ్చినవాళ్లు ఉన్నారు, హాస్టల్లో ఉండి చదివే పిల్లలు ఉన్నారు, భర్త గల్ఫ్‌లో ఉండి ఒంటరిగా పిల్లల్ని పెంచే చెల్లెళ్లు ఉన్నారు. పండుగ రోజు గది తలుపు వేసుకొని కూర్చుంటే గుండె ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏదో ఒక వ్యసనం పట్టి, సిగ్గుతో దేవుని పేరు దగ్గరే ఆగిపోయినవాళ్లు కూడా ఉండవచ్చు. చేయి ఎత్తమని అడగను, ముందుకు రమ్మని పిలవను. రేపటి సంగతి, జన్మంతటి సంగతి పక్కన పెట్టి, ఈ ఒక్క పగటి కోసం ఆయన్ను అడిగి చూడండి. ఆయన మాట తప్పేవాడు కాడు!

ఈస్టర్ నాడు సమాధుల తోట నుంచి మందిరానికి, మందిరం నుంచి నేరుగా లస్మవ్వ ఇంటికి రండి. ఈసారి రంజాన్ ముందే అయిపోయింది కాబట్టి భోజనం మధ్యాహ్నమే, ఖలీల్ భాయ్ పెద్ద గిన్నె చెప్పి పెట్టాడు. ఎంతమంది వస్తారో ముందుగా చెప్పనక్కర్లేదు. వాకిలి చిన్నదే, జరిగి కూర్చుందాం. మనల్ని పోగుచేసే దేవునికి స్తోత్రం, ఆమేన్.